అడుగు ఎంత?

ముందు నా తప్పు చెప్పుకుంటాను, మిగతావాళ్ల మీద పడేది ఆ తర్వాతే. ప్రకాశం జిల్లా చీమకుర్తికి పాతిక కిలోమీటర్ల లోపు ఒక ఊళ్లో (పేరు రాయను, ఆలయ కమిటీలో సగం మంది నాకు చుట్టాలు) పాత శివాలయం మండపానికీ, చుట్టూ ప్రదక్షిణ దారికీ పాలిష్ గ్రానైట్ పరిచింది నేనే. తొమ్మిదేళ్లయింది. రాయి దాతలది, పని నాది, లెక్క చదరపు అడుగుకి ఇంతని. పాత బండలు కదల్చకుండా వాటి మీదే సిమెంటు మాలు వేసి, గెలాక్సీ అనే నల్లరాతి పలకలు పరిచి, సందుల్లో నల్లరంగు కలిపిన సిమెంటు కూరి పదకొండు రోజుల్లో అప్పగించాను. ధ్వజస్తంభం నీడ నేలలో కనపడుతోందని పూజారి గారు ఫోటో తీసి ఊరందరికీ పంపారు. నాకు శాలువా కప్పారు.

ఆ కార్తీకంలోనే తడిబట్టలతో ప్రదక్షిణ చేస్తున్న ఒక పెద్దామె జారిపడింది, తుంటి ఎముక విరిగింది. తర్వాత ఎండాకాలం వచ్చింది. మన వైపు మే నెల ఎండ సంగతి మీకు చెప్పేదేముంది, నల్లరాయి మీద మధ్యాహ్నం కాలు పెడితే బొబ్బలే. కమిటీ వాళ్లు దారంతా తెల్లటి కూల్ పెయింట్ వేయించారు. అదీ చాలక పైన కొబ్బరిపీచు పట్టాలు పరిచారు. ఇప్పుడు అక్కడ పైన పట్టా, పట్టా కింద పెయింటు, పెయింటు కింద గ్రానైటు, గ్రానైటు కింద సిమెంటు, అన్నిటికన్నా అడుగున ఆ గుడి కట్టిననాటి ఉలిదెబ్బల బండలు, తరాల తరబడి ఎవర్నీ జారనివ్వని బండలు, పడి ఉన్నాయి. లక్షలు పోసి కొన్న మెరుపు ఎవరికీ కనపడదు. కొన్న రాయిని దాచడానికి మళ్లీ డబ్బులు పెట్టిన ఘనత మాది.

మా పెద్దనాన్నది రాతిపని. పదమూడో ఏట ఉలి పట్టాడట. గుళ్లకు గడపలు, పీఠాలు, పొలాలకు హద్దురాళ్లు, ఇళ్లకు రోళ్లు, తిరగళ్లు, ఏది దొరికితే అది చేశాడు. మా నాన్న క్వారీలో కంప్రెసర్ పనికి పోయాడు. నేను కటింగ్ ఫ్యాక్టరీలో చేరి, తర్వాత సొంతంగా ఫిటింగ్ కాంట్రాక్టులు పట్టుకున్నాను. రెండు తరాల్లో ఉలి నుంచి టైల్ కట్టర్ దాకా వచ్చేశాం. శాలువాతో ఇంటికెళ్లిన రోజు పెద్దనాన్న దాని గురించి ఒక్క మాటా అనలేదు. అన్నం తింటుంటే అడిగాడు, "అబ్బాయ్, కింద బండల్ని ఏం చేశావ్?" అని. "ఏం చేయలేదు పెద్దనాన్నా, వాటి మీదే వేశాం" అన్నాను, పగలగొట్టనందుకు మెచ్చుకుంటాడేమోనని. "అట్టాగా. ఊపిరాడకుండా చేశావన్న మాట" అని చెయ్యి కడుక్కున్నాడు.

రాయికి ఊపిరేమిటి, ముసలాయన చాదస్తం అనుకున్నాను. మూడు వానాకాలాలు గడిచాక తెలిసింది. నేలలో తేమ ఎప్పుడూ పైకి వస్తూనే ఉంటుంది. పాత బండల సందుల్లో ఉన్న మట్టి, సున్నం గుండా అది మెల్లగా ఆరిపోయేది. నేను దానికి మూత బిగించాను. దారి మూసుకున్న తేమ పక్కకు తిరిగి స్తంభాల్లోకి, గోడల్లోకి ఎక్కింది. నీళ్లతో పాటు ఉప్పు ఎక్కుతుంది, నీళ్లు ఆరినా ఉప్పు ఆరదు కదా, రాతి పైపొర వెనకే గడ్డకట్టి, ఉబ్బి, పొరను బయటికి నెడుతుంది. ఇవాళ ఆ మండపంలో మోకాలెత్తు దాకా స్తంభాలకు తెల్లటి ఉప్పుపూత, గోటితో గీకితే పొట్టులా లేచే రాయి. అదంతా నా పదకొండు రోజుల పని ఫలితమే.

రాతిపని చచ్చిపోతోందని బాధపడేవాళ్లు మామూలుగా యంత్రాన్ని తిడతారు, కొందరు చైనాను తిడతారు, ఇంకొందరు ఈ కాలం కుర్రాళ్లకు ఓపిక లేదంటారు. నేను చదరపు అడుగును తిడతాను. "అడుగు ఎంత?" అనే ఆ ఒక్క ప్రశ్న మన జిల్లాలో రాతిని ముట్టుకున్న ప్రతి చేతినీ పాడు చేసింది, నా చేతితో సహా.

ఎందుకంటున్నానో వినండి. కొత్త ఇంటికి ఫ్లోరింగ్ వేయడానికి అడుగు లెక్క బ్రహ్మాండంగా సరిపోతుంది. పలక 18 మిల్లీమీటర్ల మందం, అడుగు పలక సుమారు అయిదు కిలోలు, అన్నీ ఒకే రకం, ఎన్ని పరిస్తే అన్ని డబ్బులు. కానీ పాత కట్టడాన్ని బాగుచెయ్యడమంటే చాలా భాగం చూడటమే. నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయి, ఏ రాయి బరువు మోస్తోంది, ఏది ఊరికే నిలబడి ఉంది, ఈ పగులు పాతదా నిన్నటిదా, ఇవి తేలేదాకా ఉలి తీయకూడదు. మూడు రోజులు చూసి, నాలుగో రోజు ఒక తూములో చెత్త తీసేస్తే చాలా పని అయిపోవచ్చు కూడా. అప్పుడు అడుగులు ఎన్ని? సున్నా. బిల్లు ఎంత? అదీ సున్నానే. అడుగుల లెక్కన డబ్బులిచ్చే చోట ఆగి చూసినవాడికి నష్టం, చూడకుండా పరిచేసినవాడికి లాభం. అలాంటప్పుడు ఎవడు చూస్తాడు? నేను చూడలేదు.

ఇదే లెక్క ఇంకో నాలుగేళ్లకు అదే గుడి మీదకు శాండ్‌బ్లాస్టింగ్ తెచ్చింది. ఈసారి కాంట్రాక్టు నాది కాదు, కానీ వద్దని నేను గట్టిగా అనలేదు, అదీ లెక్కలోకి వస్తుంది. స్తంభాల మీద ఏళ్లనాటి సున్నం, నూనె మసి, ఎవరో పుణ్యాత్ముడు వేయించిన ఎనామిల్ పెయింటు, అన్నీ పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి, తీసేయాలన్నది నిజమే. కంప్రెసర్ పెట్టి ఇసుకను గాలితో కొడితే మూడు రోజుల్లో ఇరవై నాలుగు స్తంభాలు తెల్లగా తేలాయి. జనం ఆహా అన్నారు. దగ్గరికెళ్లి చెయ్యి పెట్టి చూస్తే స్తంభం గరుకు కాగితంలా ఉంది. శిల్పి చివర్లో సన్నటి ఉలితో, తర్వాత రాతిముక్కతో నీళ్లు పోసి రుద్ది, ఒక చర్మం లాంటిది తెస్తాడు, బొమ్మ కళ్లు, ముక్కు, నగల అంచులు అన్నీ ఆ చర్మంలోనే ఉంటాయి. ఇసుక పెయింటును ఎంత ప్రేమగా తింటుందో దాన్నీ అంతే ప్రేమగా తింటుంది. మండపం తూర్పు వైపు నందిని మోస్తున్న చిన్న గణం ఒకటుండేది, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుండేది, మా చిన్నప్పుడు దాని నోట్లో వేలు పెట్టి ఆడుకునేవాళ్లం. ఇప్పుడు దానికి మొహం లేదు.

గుమ్మానికి ఎడమ స్తంభం మీద ఏడు వరుసల శాసనం ఉండేది. ఎవరు ఎవరికి ఎంత మాన్యం రాశారో, ఏ దీపానికి ఎన్ని గొర్రెలిచ్చారో, ఊళ్లో చదవగలిగినవాళ్లు లేరు కనక ఎవరూ చదవలేదు. అది కూడా మూడు రోజుల్లో పోయింది. 1905లోనే బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలన్నీ పోగేసి మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు, అప్పటి జిల్లా పెద్దది, తర్వాత ప్రకాశంలో కలిసిన దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. బస్సుల్లేని కాలంలో ఆ పని జరిగింది. తడి కాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్‌తో కొట్టి అక్షరాల గుంతల్లోకి కూర్చి, పైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు పడతాయి. ఒక పూట పని, ఖర్చు ఏముంటుంది, కాగితం, సిరా. రాయి పోయినా మాట మిగిలేది. మా దగ్గర అందరి జేబుల్లో ఫోన్లున్నాయి, ఒక్కడూ సరిగ్గా ఫోటో తీసుకోలేదు. ధ్వజస్తంభం నీడకు మాత్రం నూట యాభై ఫోటోలున్నాయి.

సరే, కమిటీ వాళ్లను వెధవల్లా చూపిస్తున్నాననుకోకండి. వాళ్లు దొంగలు కారు, చేతి డబ్బులు పెట్టుకునే మనుషులు. అసలు అడుగు లెక్క మొదలయ్యేదే దాతల దగ్గర. "ఒక చదరపు అడుగు గ్రానైటుకు ఇంత" అని బోర్డు పెడితే జనం ఇస్తారు, పది అడుగులకు ఇచ్చినవాడి పేరు రాతి మీద చెక్కిస్తారు. కప్పు మీద రావిమొక్క పీకించిన దాత అని, తూము శుభ్రం చేయించిన దాత అని ఎక్కడైనా ఫలకం చూశారా? నేను చూడలేదు. అయితే గుడిని నిలబెట్టేవి ఆ రెండు పనులే. మండపం కప్పు కురిసిన ప్రతిసారీ మనవాళ్లు దాని మీద ఒక పొర సిమెంటు వేస్తూ పోతారు. కురవడం ఆగదు, బరువు మాత్రం పెరుగుతుంది, కింద దూలం పగులుతుంది, అప్పుడు దూలం కింద ఇటుకలతో కొత్త స్తంభం లేపుతారు, దానికి టైల్స్ అంటిస్తారు. ఈ వరస ఎన్ని ఊళ్లలో చూశానో.

సిమెంటు గురించి ఒక మాట, ఎందుకంటే నా జీవితమంతా దాంతోనే గడిచింది. పాత కట్టడంలో అతుకు రాయి కంటే మెత్తగా ఉండాలి. కట్టడం ఎండకు సాగినా, నేల కాస్త కదిలినా, తేమ పైకి వచ్చినా, పాడయ్యేది అతుకే కావాలి, అతుకును గీకి మళ్లీ కూరుకోవచ్చు, రాయిని కూరలేం. డంగు సున్నం ఆ పని చేసేది. సున్నపురాయి కాల్చి, నీళ్లలో నానబెట్టి, ఇసుక, ఇటుకపొడి కలిపి గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం నీళ్లు పోసేవాళ్లు. అది గాలి పీల్చుకుంటూ ఏళ్లపాటు మెల్లగా గట్టిపడుతుంది, చిన్నచిన్న పగుళ్లు వస్తే కొంతవరకు తనే పూడ్చుకుంటుంది. సిమెంటు రెండు వారాల్లో బిగుసుకుని పక్క రాయితో పంతానికి దిగుతుంది, పంతంలో ఓడేది రాయి. అందులో ఇనుప కడ్డీ కూడా పెడితే ఇక చెప్పక్కర్లేదు, మన సముద్రపు గాలికి అది తుప్పుపట్టి ఉబ్బి రాయిని లోపల్నుంచి చీలుస్తుంది. తప్పనిసరైతే స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, నేను పాడుచేసినవాటిని చూసి నేర్చుకున్నాను. పెద్దనాన్నను అడిగుంటే ఒక్క సాయంత్రంలో చెప్పేవాడు.

ఆయన పని ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. రాయి ఎంచుకునేటప్పుడు సుత్తితో తట్టి చెవి పెట్టేవాడు. గంటలా మోగితే ఒక రకం, బద్దగా మోగితే లోపల పగులుంది. శిల్పశాస్త్రం వాళ్లు మగరాయి, ఆడరాయి, నపుంసకరాయి అని విడదీస్తారు కదా, విగ్రహానికి మొదటిది, పీఠానికి రెండోది, అడుగున మూడోది, ఆయనకు శాస్త్రం రాదు గానీ చెవి ఉంది. బండ చీల్చాలంటే వరసగా గుంతలు కొట్టి, ఇనుప శీలలు దిగేసి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో దెబ్బ వేసుకుంటూ వెళ్లేవాడు, మళ్లీ మొదటికి వచ్చేవాడు. ఒకేచోట గట్టిగా కొడితే పెంకులా లేస్తుంది. రెండో చుట్టుకో మూడో చుట్టుకో సుత్తి చప్పుడు మారుతుంది, అప్పుడు దెబ్బ ఆపి బీడీ వెలిగించేవాడు. రాయి తనంతట తాను చిటుక్కుమని విడిపోయేది. "దానికి టైమియ్యాల రా" అనేవాడు. ఈ మాట ఏ టెండర్లో రాస్తారు?

ఉలులు ఆయనే సాగగొట్టుకునేవాడు. కొలిమిలో ఎర్రగా కాల్చి, మొనను మాత్రం నీళ్లలో ముంచి తీసి, రాతి మీద రుద్ది చూస్తూ కూర్చునేవాడు. వెనక వేడి ముందుకు పాకుతుంటే మొన మీద రంగు మారుతుంది, మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, తర్వాత నీలం. ఏ రంగు దగ్గర మళ్లీ ముంచాలన్నది రాతిని బట్టి. ముందు ముంచితే మొన విరుగుతుంది, ఆలస్యమైతే వంగుతుంది. ఇప్పుడు కార్బైడ్ మొనల ఉలులు దొరుకుతున్నాయి, నెలల తరబడి పదును పోదు, నేనైతే అవే వాడమంటాను. కానీ ఆ రంగు చూసిన కన్ను ఇంకా చాలా వాటిని చూసేది. దర్శి దగ్గర ఒక గుడి గడపకు ఆయన వేసిన అతుకు ఉంది. పాడైన మేర చతురస్రంగా తొలిచి, అదే రకం రాయి, అదే పొర వాలుగా తెచ్చి కూర్చి, పాత ఉలిగీతలు ఏ వైపు వాలాయో చూసి కొత్త గీతలూ అటే కొట్టాడు. నాకు చూపించమంటే చెంబుడు నీళ్లు తెమ్మన్నాడు. గడప కడిగాక, ఆరేటప్పుడు మాత్రం అతుకు కనపడింది, కొత్త ముక్క ముందు ఆరింది. రెండు నిమిషాల్లో మళ్లీ కలిసిపోయింది.

అలాగని పాతకాలం మీద పాటలు పాడటానికి నేను రాలేదు. ఆ పెద్దనాన్నే ఇవాళ పది మెట్లు ఎక్కలేడు. ఒంగోల్లో ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా దుమ్ము. ఎడమచేతి రెండు వేళ్లు సగమే ఉన్నాయి. ఆయన కొడుకులిద్దరిలో ఎవరూ ఉలి పట్టలేదు, పట్టనివ్వలేదు ఆయన. చేతిపని గొప్పదని చొక్కా నలగకుండా మాట్లాడేవాళ్లు ఈ సంగతి ఎందుకో ఎత్తరు. సిలికా దుమ్ముతో వచ్చే జబ్బుకు మందు లేదు, రాకుండా చూసుకోవడమే. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ రోగుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే పెట్టింది. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి కృత్రిమ క్వార్ట్జ్ పలకలను, అదే మన వంటింటి ప్లాట్‌ఫారాలకు కొత్త ఫ్యాషనైన ఆ రాయిని, దాని దుమ్ము వల్లే నిషేధించింది. మన దగ్గర గ్రైండర్‌తో పొడిగా కోస్తున్న కుర్రాడి మొహానికి ఉన్నది తువ్వాలు. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము చాలా వరకు లేవదు. మరి ఎందుకు పోయరు? బురదవుతుంది, తుడవాలి, టైము పడుతుంది, అడుగులు తగ్గుతాయి. చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం.

కాబట్టి యంత్రం మీద నాకు కోపం లేదు. క్వారీలో రాతిని కోసే డైమండ్ వైర్ వచ్చాక బ్లాక్ తీయడం పూర్వంతో పోలిస్తే ఎంతో నయం. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మిషన్ మీద గణపతిని సగం దాకా తొలిచి తెచ్చి, మిగతా సగం చేత్తో చేస్తే తప్పేం లేదు, మోటు పని మిషన్‌కు వదిలేసి కన్ను, ముక్కు మనిషి చూసుకోవాలి. నాకు నచ్చనిది మిషన్ పనిని అలాగే వదిలేసి చేతిపని ధరకు అమ్మడం. అలాంటి విగ్రహాలన్నీ ఒకే అన్నదమ్ముల్లా ఉంటాయి, చూడండి ఎప్పుడైనా.

మన జిల్లా విచిత్రం ఒకటుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలుండే ఆ గెలాక్సీ, భూగర్భశాస్త్రం ప్రకారం అది గ్రానైటే కాదట, గాబ్రో జాతి, చుక్కలేమో బ్రాంజైట్ అనే ఖనిజం, ప్రపంచంలో ఎక్కడ కనపడినా చీమకుర్తి చుట్టూ ఉన్న గుంతల్లోంచి వెళ్లిందే. బ్లాకులు బ్లాకులుగా రేవులకు పోతాయి, ఎక్కడో పలకలై ఎవరి వంటింట్లోనో తేలతాయి. తెలంగాణలో యాదాద్రి గుడిని 2022లో కొత్తగా తెరిచారు కదా, ఆ నల్లరాయి కూడా ప్రకాశం జిల్లాదే. చెక్కింది మాత్రం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన శిల్పులు. మన రాష్ట్రంలో రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉన్నది దుర్గికి, ఆళ్లగడ్డకు. చెక్క చెంచాలకు ఉదయగిరికి కూడా ఉంది. చీమకుర్తి అంటే రాయి గుర్తొస్తుంది, ఒక్క చెయ్యీ గుర్తురాదు. బళ్లో మనమంతా అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక తీసుకోండి, ఆ రాయిని అంచున సన్నటి ఉలి ఆనించి పుస్తకంలో పేజీ తిప్పినట్టు పొరలు విడదీసే చేతులు ఎంత గొప్పవి! ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాక ఆ రాయి గోడ టైల్స్ కింద మారింది. ఇప్పుడు అదీ అడుగుల లెక్కే.

భైరవకోన వెళ్లినవాళ్లకు తెలుసు, కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు. పల్లవుల శైలి స్తంభాలు, పక్కనే జలపాతం. అక్కడ గుడిని రాళ్లు తెచ్చి కట్టలేదు, అక్కర్లేని రాతిని తీసేశారు, మిగిలింది గుడి. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే వెనక్కి తీసుకునే దారి లేదు. ఆ శిల్పికి కూలీ ఎలా కట్టారో గానీ, అడుగుకి ఇంతని మాత్రం అయ్యుండదు.

పెద్ద పెద్ద చోట్ల కూడా మనకు కొత్తది కట్టడం మీదున్న ఉత్సాహం పాతది నిలబెట్టడం మీద లేదు. శ్రీకాళహస్తి రాజగోపురం, కృష్ణదేవరాయలు 1516లో కట్టించింది, 2010 మే 26న కూలింది. పగుళ్లు ఒక్కరోజులో రాలేదు, అందరూ చూస్తూనే ఉన్నారు. 2017 కల్లా కొత్త గోపురం లేచింది, బాగానే ఉంది, దండం పెట్టుకుంటాం. కానీ రాయలనాటి ఉలిదెబ్బ దాని మీద లేదు కదా. దీనికి పక్కన హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం పెట్టి చూడండి. రాళ్లన్నీ విప్పి, నంబర్లు వేసి, పునాది నుంచి మళ్లీ పేర్చి 2024లో తెరిచారు, విప్పిన నాటి నుంచి పదిహేనేళ్ల పైమాటే. జనం నవ్వుకున్నారు, నేనూ నవ్వాను, రెండేళ్లలో గట్టెక్కించేవాణ్ణి కదా అనుకున్నాను. ఆ ఆలస్యమంతా ఓపికే అని నేననను, సర్కారు పనులు ఎలా సాగుతాయో మనకు తెలుసు. కానీ వెళ్లి చూడండి, చాలావరకు ఏ రాయి చోట ఆ రాయి ఉంది.

మరి ఏం చెయ్యమంటావు అంటారు. పాత రాతి కట్టడం ముట్టుకునే పనికి రోజు కూలీ ఇవ్వండి, లేదా స్తంభానికి ఇంత, గడపకు ఇంత అని ఒక్కో పనిగా మాట్లాడుకోండి. మా కోశాధికారి మామ దీనికి గట్టి జవాబే చెప్పాడు: "రోజు కూలీ అంటే పది గంటలకొచ్చి బీడీలు తాగతా కూర్చుంటారు అల్లుడూ, నీకు తెలియందేముంది?" నిజమే, కూర్చునేవాళ్లున్నారు, నా దగ్గరా ఉన్నారు. అందుకే పని తెలిసిన ఒకడు దగ్గరుండాలి, వాడికీ కూలీ ఇవ్వాలి, తిరుపతిలో టీటీడీ శిల్పశాల నుంచి చదివి వస్తున్న పిల్లలున్నారు, అలాంటివాళ్లను పిలవొచ్చు. మొదట ఎవరికీ కనపడని ఒక మూల చేసి చూడాలి, ఒక వానాకాలం ఆగాలి. మొదలుపెట్టే ముందు ప్రతి రాయికీ ఫోటో. పురావస్తు శాఖ కింద ఉన్న గుడైతే వాళ్లను అడగకుండా చెయ్యి వేయకూడదు, చట్టం అదే. మా గుడి లాంటివి ఏ శాఖ జాబితాలోనూ లేవు, వేలల్లో ఉన్నాయి, వాటిని కాపాడేదీ పాడుచేసేదీ మనలాంటి మేనమామలూ మేనల్లుళ్లే.

పోయిన నెల కమిటీ మళ్లీ పిలిచింది. స్తంభాల పొట్టు రాలి ప్రసాదంలో పడుతోందట. వెళ్లాను. "గ్రానైట్ పీకేద్దాం, పీకే కూలీ నేనే పెట్టుకుంటాను, ఆ తర్వాత పని రోజు లెక్క" అన్నాను. అరగంట అరుచుకున్నాం. దాతల పేర్లున్న పలకలు ఏం చెయ్యాలన్నది పెద్ద గొడవైంది, చివరికి వాటిని ప్రహరీ గోడకు బిగించాలని తేలింది, క్లాంపులు పెట్టి, సిమెంటు లేకుండా. ఇప్పటికి గర్భగుడి ముందు పది అడుగుల మేర లేపాం. సిమెంటు మాలు పాత బండలకు పట్టుకుపోయింది, మిషన్ పెడితే బండ పోతుంది, చిన్న ఉలితో చెక్కులు చెక్కులుగా లేపుతున్నాం, ఇద్దరు మనుషులకు ఒక బండ రోజంతా పడుతోంది. పెద్దనాన్నను కారులో తీసుకెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాను. మాస్కు పెట్టుకోమంటే తిడతాడు, మిగతావాళ్లను మాత్రం మాస్కు తీస్తే తిడతాడు.

మూడో రోజు ఆయన కుర్చీ జరిపించుకుని, గుమ్మానికి కుడి వైపు స్తంభం దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఆ స్తంభానికి కరెంటు మీటరు బోర్డు బిగించి ఉంది, పెద్ద చెక్క బోర్డు, ఎప్పటిదో. "ఇసక కొట్టినప్పుడు దీన్ని తీశారా?" అన్నాడు. పూజారి గారు గుర్తు తెచ్చుకుని చెప్పారు, తీయలేదట, కరెంటుతో గొడవెందుకని చుట్టూ కొట్టి వదిలేశారట. నేను ఫోన్ లైటు వేసి బోర్డు వెనక సందులోకి చూశాను. సున్నం పూత కింద, ఉలి గీతలు. గీతల మధ్య వంపు తిరిగినవి కూడా కొన్ని ఉన్నాయి, అక్షరాలో లతలో బోర్డు తీస్తే గానీ తెలియదు. బోర్డు మేము తీయకూడదు, కరెంటు వాళ్లే రావాలి. అర్జీ పెట్టాం. కాగితం, సిరా, మెత్తటి బ్రష్ ఒంగోలు నుంచి తెచ్చి పూజారి గారి బీరువాలో పెట్టాను. లైన్‌మన్ శుక్రవారం వస్తానన్నాడు.